ఎనిమిదో కిటికీ

ఎలాగైనా తోడల్లుడి కంటే ముందే బడికి చేరుకోవాలన్నది ఆ ఉదయం లెక్కల మాస్టారి పథకం. వారసత్వ కట్టడాల శాఖ అధికారిణి పదింటికి వస్తారు. విక్టోరియా రాణి కాలం నాటి ఆ రెండంతస్తుల బడిని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చాలో వద్దో ఆవిడే తేలుస్తారు. చేర్చకపోతే వచ్చే నెలలో దాన్ని పడగొట్టి దుకాణాలు కడతారు. కాబట్టి ఆవిడకు గుమ్మంలోనే ఎదురెళ్ళి, బడంతా దగ్గరుండి చూపించి, ఆ పేరేదో తనే కొట్టెయ్యాలి.

ఎందుకంటే ఇప్పటిదాకా వచ్చిన పేరంతా తోడల్లుడికే పోయింది. ఆయన అదే బడిలో డ్రాయింగు మాస్టారు. అక్కాచెల్లెళ్ళను చేసుకుని, ఒకే స్టాఫ్ రూములో ఎదురెదురు కుర్చీల్లో కూర్చునే భాగ్యం అందరికీ దక్కదు. జాబితాలో చేర్చమనే దరఖాస్తు కోసం ఏ ఏడు ఎంతమంది చదివారో పద్నాలుగు పేజీల పట్టికలు వేసింది లెక్కల మాస్టారు. వాటిని ఎవరూ తిప్పైనా చూడలేదు. అదే దరఖాస్తుకు డ్రాయింగు మాస్టారు గీసిన బడి బొమ్మకు మాత్రం మామగారు ఇంకో కాపీ అడిగి తీసుకుని, ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి పెద్దల్లుడి కడుపు మండుతూనే ఉంది.

తొమ్మిదింటికి బడి వరండాలో ఆ బొమ్మే ఎదురైంది. తప్పు దొరక్కపోతుందా అని మాస్టారు దాదాపు ముక్కు ఆనించి వెతికారు. బొమ్మలో పై అంతస్తుకు ఎనిమిది కిటికీలు. బయట వాన దంచి కొడుతోంది కాబట్టి మేడెక్కి లోపలి నుంచే లెక్కపెట్టారు. మొదటి గదిలో మూడు, రెండో గదిలో రెండు, చివరిదైన తన గదిలో రెండు. ఏడు! ఇంకోసారి చూశారు. ఏడే! ఆయనకు గాల్లో తేలినట్టయింది.

"నీకొక్కడికే చెబుతున్నా," అని గుమాస్తా చెవిలో ఊదారు. అరగంటలో స్టాఫ్ రూముకి అది 'లేని కిటికీలు గీశాడట' అయింది. హెడ్ మేడం గదికి చేరేసరికి ఆ బొమ్మ అసలు ఈ బడిదే కాకుండా పోయింది. పదికి అయిదు నిమిషాలుందనగా భార్య ఫోన్ చేసింది.

"ఏమండీ, మా చెల్లెలు ఒకటే ఏడుపు. మరిదిగారి ఉద్యోగం ఊడిందటగా! మీరేం చేశారు?"

"నేనేం చేశానే? కిటికీలు లెక్కపెట్టాను!"

అంతలో అధికారిణి రానే వచ్చారు. గొడుగు దులుపుకుంటూ ఆవిడ మొట్టమొదట చూసింది ఆ బొమ్మనే. "ఎంత శ్రద్ధగా గీశారండీ!" అన్నారు. ఆ ఒక్క మాటతో మాస్టారు ఆగలేకపోయారు.

"శ్రద్ధకేం మేడం, ఒక కిటికీ ఎక్కువే గీశాడు. లోపల ఉన్నవి ఏడు. రెండుసార్లు లెక్కపెట్టాను."

డ్రాయింగు మాస్టారు బొమ్మ దగ్గరికి వచ్చారు. "నేను కంటికి కనబడిందే గీశానన్నయ్యా!"

"అయితే ఆ కళ్ళేవో చూపించుకోవోయ్!"

అధికారిణి ఫైలు మూసేశారు. "నేను ఈ బొమ్మను బట్టే రిపోర్టు రాయాలండీ. ఇందులో తప్పుంటే దరఖాస్తు వెనక్కి పంపేస్తాను. మళ్ళీ పెట్టుకోండి, ఏడాదిలో చూస్తాం."

ఏడాది! వచ్చే నెల కూలిపోయే బడికి!

ఆ కిర్రుమనే చెక్కమెట్లన్నా, మండుటెండలోనూ చల్లగా ఉండే ఆ రాతి గోడలన్నా లెక్కల మాస్టారికి ప్రాణం. తోడల్లుడి పరువు తియ్యబోయి బడి ప్రాణమే తీసేలా ఉన్నారు.

"ఆగండి మేడం! మా తమ్ముడు తప్పు గీసే మనిషి కాదు," అన్నారు. ఆ మాట కషాయం కంటే చేదుగా ఉంది. "నా లెక్కే తప్పయి ఉంటుంది." బుద్ధెరిగిన తర్వాత ఆయన నోట ఆ ముక్క రావడం అదే మొదలు.

వాన తగ్గింది. పిల్లల్ని మేడ మీదికి పంపి, కిటికీకొకరు చొప్పున నిలబడి రుమాలు ఊపమన్నారు. పెద్దలందరూ ఆవరణలోకి వచ్చి తలలెత్తారు. కిటికీలు ఎనిమిది, రుమాళ్ళు ఏడు. చివరి కిటికీ తలుపులు మాత్రం బిగించి ఉన్నాయి.

"ఆ చివరి దాంట్లో ఎవరూ లేరేంరా?" అరిచారు మాస్టారు.

"ఇక్కడ కిటికీ లేదు సార్! మీ నల్లబల్లే ఉంది!"

అందరూ మేడెక్కారు. అధికారిణి గొడుగు పిడితో నల్లబల్ల మీద తట్టారు. లోపల డొల్ల. బంట్రోతులు బల్లను దింపి, వెనకాల చెక్కలు ఊడదీశారు. ఆ వెనక మరో గదిలో మెట్లు మెట్లుగా పేర్చిన పసిపిల్లల బెంచీలు, వాటి మీద దుమ్ము పట్టిన పలకలు వరసగా కనిపించాయి.

"విక్టోరియా కాలపు తరగతి గది, ఉన్నదున్నట్టుగా!" అంటూ ఆవిడ మూసిన ఫైలు మళ్ళీ తెరిచారు. "ఇలాంటిది మా జాబితాలో ఇంకెక్కడా లేదు. ఈ బడి జోలికి ఇక ఎవరూ రాలేరు."

అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారికీ కళ్ళు చెమర్చాయి. కిటికీలు లెక్కపెట్టిందెవరో ఎవరైనా అంటారేమోనని ఒక్క క్షణం ఎదురుచూశారు కూడా. అధికారిణి నేరుగా వెళ్ళి డ్రాయింగు మాస్టారికి నమస్కారం పెట్టారు. "మీరు ఆ ఒక్క కిటికీ వదిలేసి ఉంటే ఇది దొరికేదే కాదండీ!"

సాయంత్రం మామగారు ఫోన్ చేశారు.

"అల్లుడుగారూ! మీ తోడల్లుడు గోడ వెనకాల ఉన్నది కూడా బయటి నుంచే కనిపెట్టాడటగా! అవునూ, ఆ నల్లబల్ల ముందు మీరు ఎన్నేళ్ళ నుంచి పాఠం చెబుతున్నారూ?"

"ఇరవై రెండు," అన్నారు లెక్కల మాస్టారు. ఈ లెక్కలో మాత్రం తేడా రాలేదు.