కొల్లేటి వైకింగులు

యోబుకి దేవుడు హార్మోనియం వాయించే వేళ్ళిచ్చాడు, ఏలూరులో గుమస్తా ఉద్యోగమిచ్చాడు, సుగుణనిచ్చాడు. గొంతు ఇచ్చే వేళకు మాత్రం ఎవరో పిలిస్తే అటు తిరిగినట్టున్నాడు.

ఇరవై రెండేళ్ళుగా ఆయన చర్చిలో హార్మోనియం వాయిస్తున్నాడు. ఎప్పుడైనా ఒక్క చరణం అందుకోబోతే పాస్టరుగారు చెవి దగ్గరకు వంగి, "మీరు వాయించండి చాలండీ, పాడే భారం మేం మోస్తాం" అంటారు. చచ్చేలోగా ఒక్కసారి స్టేజీ ఎక్కి నలుగురి ముందు గొంతెత్తాలన్నది యోబు కోరిక. ఆ కోరిక నలభై ఎనిమిదేళ్ళుగా ఆయన గొంతులోనే ఉండిపోయింది.

అలాంటి రోజుల్లో ఐటీఐలో పాఠాలు చెప్పే క్రాంతి కుమార్ ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఎక్కడో ఉత్తరాన, మంచుదేశం వాళ్ళు, పాతకాలం వైకింగు ఓడదొంగల వేషంలో. ఒంటి నిండా బొచ్చుతోళ్ళు, చేతిలో ఎద్దుకొమ్ము, కొమ్ము నిండా బీరు. ఒకడు ఫిడేలు, ఒకడు అకార్డియను, వెనకాల రైసుమిల్లు ఆడుతున్నట్టు డ్రమ్ములు. నడుమ ఒక గడ్డపాయన గర్జిస్తున్నాడు. పాటంతా బీరు గురించేనట. బీరుంటే పండగ, అయిపోతే యుద్ధం.

"దీన్ని ఫోక్ మెటల్ అంటారండీ. జానపదమేనండి, కాస్త ఇనుము కలుస్తాది" అన్నాడు క్రాంతి కుమార్.

"పాపం, ఆ పాడేవాయనకి గొంతులో చేపముల్లేమైనా దిగిందా?"

"లేదండీ. అలాగే పాడాలండీ. గ్రౌలింగంటారు."

యోబు కళ్ళు చెమర్చాయి. తన గొంతును అర్హతగా లెక్కేసే సంగీతం ఈ భూమ్మీద ఒకటుందని అప్పటిదాకా ఆయనకు ఎవరూ చెప్పలేదు.

వారం తిరిగేసరికి 'కొల్లేటి వైకింగులు' పుట్టుకొచ్చారు. డ్రమ్ములు క్రాంతి కుమార్, గిటారు అతని స్నేహితుడు తన్వీర్, హార్మోనియమూ గర్జనా యోబు. తన్వీర్ వాళ్ళది తివాచీలు నేసే ఇల్లు కాబట్టి మిగిలిపోయిన ఉన్నితో ముగ్గురికీ బొచ్చు అంగీలు కుట్టించాడు. ఏలూరు ఎండలో అవి వేసుకుంటే పది నిమిషాల్లో మనిషి సగమవుతాడు. అయినా కళ కోసం ఉడికారు. నెలన్నరలో తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ వార్షికోత్సవం, అందులో బ్యాండ్ల పోటీ ఉంది. పేర్లిచ్చేశారు.

ఇక సాధనకు చోటు కావాలి. పైగా సాధనకు బీరు కావాలి. ఇంట్లో బీరు మాటెత్తే వీల్లేదు. షుగరుందని, మందు మానమని డాక్టరు చెప్పాడు. బీరు మందు కాదు, చల్లటి బార్లీ నీళ్ళని యోబు వాదించాడు గానీ సుగుణ ఒప్పుకోలేదు. సుగుణ గొంతు పక్కింటికి వినపడదు. చిలక పండు కొరికినంత మెల్లగా మాట్లాడుతుంది. ఆ మెల్లని మాటకే యోబు జడుస్తాడు.

అందుకని పథకం వేశాడు.

"సుగుణా, మీ తమ్ముడి చేపల చెరువు మీద నీటికాకులు పడి పిల్లల్ని మింగేస్తున్నాయట. ఒక్కడూ ఏం కాస్తాడు? సాయంత్రాలు నేను వెళ్ళి అరిచి తోలేస్తాను."

"మీరాండీ?"

"నేనే."

"వాడి పెళ్ళికే తలనొప్పని రాలేదు కదండీ?"

"ఆ తప్పే దిద్దుకుంటున్నా."

"సంతోషమండీ. హార్మోనియం ఎందుకండీ మరి?"

"అరుపైనా శ్రుతిలో ఉండాలిగా!"

సుగుణ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, మజ్జిగ సీసా నింపి చేతికిచ్చింది. పథకం పారిందని యోబు మీసం దువ్వుకున్నాడు. మీసం నవ్వుకుందేమో ఆయనకు తెలీదు.

దెందులూరు దగ్గర బావమరిది భానుప్రకాష్ చెరువు గట్టు మీద సాధన మొదలైంది. వలసంచిలో బీరు సీసాలు కట్టి చెరువులోకి దింపితే ఫ్రిజ్జు అక్కర్లేదు. ఒక పాట, ఒక సీసా, ఒక గర్జన. ఇంటికి వెళ్ళేముందు నోటి నిండా సోంపు.

మూడు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం భానుప్రకాష్ నుంచి సుగుణకు ఫోను వచ్చింది.

"అక్కా, ఏమనుకోకు. బావగారొచ్చాక పక్షులు రెండింతలయ్యాయే! ఆయన అరుపు అచ్చం నీటికాకి అరిచినట్టే ఉంటాది. వాళ్ళోడెవడో భోజనానికి పిలుస్తున్నాడనుకుని కొల్లేరు కొల్లేరంతా ఇటే దిగుతోందే!"

"అయ్యో."

"ఇంకోటి. చేపలెంత పెరిగాయో చూద్దామని ఇందాక వల విసిరితే ఆరు సీసాలు పడ్డాయక్కా. చెరువులో చేపలు తగ్గి సీసాలు పెరుగుతున్నాయి!"

సుగుణ చెప్పులేసుకుని ఆటో ఎక్కింది.

గట్టు మీద యోబు బొచ్చు అంగీలో, కళ్ళు మూసుకుని గర్జిస్తున్నాడు. చెరువులో నీళ్ళు చిలికే ఏరేటరు మీద, కరెంటు తీగ మీద, ఆఖరికి డ్రమ్ముల మీద కూడా నీటికాకులు కూర్చుని శ్రద్ధగా వింటున్నాయి.

"ఏవండీ" అంది సుగుణ.

యోబు కళ్ళు తెరిచాడు. గర్జన మింగబోతే పొలమారింది.

"సుగుణా! ఇది... పక్షుల్ని ముందు నమ్మించి, తర్వాత ఒక్కసారే..."

"తర్వాత చెబుదురుగానీ, కాస్త పక్కకి జరగండి."

ఆమె పైట నడుముకు బిగించింది. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. కొల్లేటి లంకలో పుట్టిన పిల్ల, పదహారేళ్ళొచ్చేదాకా తండ్రి చెరువుకు కాపలా కాసింది. ఆ సంగతి యోబుకు చెప్పే అవసరం ఇన్నేళ్ళలో రాలేదు.

"హో...య్!"

అది గొంతులోంచి రాలేదు, పొట్ట అడుగునుంచి వచ్చింది. చెరువు నీళ్ళు వణికాయి. పక్షులన్నీ ఒక్కసారిగా లేచి ఆకాశం నల్లబడింది. తన్వీర్ గట్టు మీద చతికిలబడ్డాడు. క్రాంతి కుమార్ రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, ఈ గ్రౌలింగు ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"అదేంటో నాకు తెలీదండీ. మా నాన్నగారి చెరువు గట్టు మీదండీ."

"మా బ్యాండులో మీరే పాడాలండీ!"

యోబు ముందుకొచ్చాడు. "మరి నేనో?"

"మీరు వాయించండి చాలండీ" అన్నాడు క్రాంతి కుమార్. యోబుకు పాస్టరుగారు గుర్తొచ్చారు.

సుగుణ రెండు షరతులు పెట్టింది. సీసాలన్నీ ఒడ్డుకు రావాలి. పాట మాటలు తను రాస్తుంది. "బీరు పాటలో బీరు ఉంటుందండీ. కానీ మర్యాద కూడా ఉంటుందండీ" అంది.

పోటీ రోజున మూడు వేలమంది కుర్రకారు. చివరి బ్యాండు కొల్లేటి వైకింగులు. జరీచీర మీద బొచ్చు అంగీ వేసుకుని సుగుణ మైకు ముందుకొచ్చి, "అందరూ భోంచేశారాండీ?" అంది మెల్లగా. మైదానమంతా గొల్లున నవ్వింది.

డ్రమ్ములు లేచాయి. హార్మోనియం గంతులేసింది. సుగుణ పైట బిగించింది.

"సీసా కింద పెట్టండీ...!"

నవ్వులు టక్కున ఆగిపోయాయి. ముందు వరసలో ప్రిన్సిపాలుగారి చేతిలో టీ కప్పు ఒలికింది. వెనకనుంచి ఒక ముసలి అటెండరు, పెద్దావిడ చెబితే ఔననకపోతే బాగోదని, గోదావరి మర్యాదలో "ఆయ్!" అన్నాడు.

"చేపల పులుసు చల్లారుద్దండీ...!"

ఈసారి వందమంది. "ఆయ్!"

"దయచేసి ఇంటికి రండీ...!"

"ఆయ్!" మూడువేల గొంతులు. కుర్రాళ్ళు తలలు విదిలిస్తూ, భుజాలు పట్టుకుని గెంతుతున్నారు. ఇంత మర్యాదగా ఇంత అల్లరి చేయొచ్చని వాళ్ళకు ఆ రోజే తెలిసింది. హార్మోనియం మీద చెమటలు కారుస్తున్న యోబు ఈర్ష్య మరిచిపోయాడు. ఇరవై రెండేళ్ళు తన పక్కనే ఈ పిడుగు మజ్జిగ చిలికిందా అని పెళ్ళాన్ని చూస్తూ పొంగిపోయాడు.

మొదటి బహుమతి ఎవరికని అడిగే పనే లేకపోయింది. జనం మళ్ళీ పాడమని గోల పెట్టారు. అప్పుడు సుగుణ మైకు తీసుకుని నేరుగా హార్మోనియం దగ్గరకు వచ్చింది.

"మావారికి స్టేజీ మీద గొంతెత్తాలని చిన్నప్పట్నుంచీ కోరికండీ. ఈ ఒక్క ముక్కా ఆయన పాడతారండీ."

యోబు లేచి నిలబడ్డాడు. స్టేజీ, మైకు, మూడు వేలమంది. నోరు తెరిచి గుండెల నిండా గాలి పీల్చాడు.

సుగుణ పొట్ట అడుగునుంచి గర్జించింది. "ఏవండీ...! రేపట్నుంచి బీరు మానేస్తారాండీ...?"

'చూద్దాంలే' అందామని యోబు మనసులో సిద్ధం చేసుకున్నాడు. కానీ ఇరవై రెండేళ్ళుగా సుగుణ 'ఏవండీ' అంటే ఏమని పలకాలో మనసుకన్నా ముందు ఆయన నోటికి తెలుసు.

"ఆ...య్!"

అసలైన గర్జన! జన్మలో ఆయన గొంతులోంచి అలాంటి శబ్దం రాలేదు. క్రాంతి కుమార్ చేతిలో కర్రలు జారిపోయాయి. మూడు వేలమంది లేచి నిలబడి, "ఆయ్! ఆయ్! ఆయ్!" అంటూ చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టారు.

జీవితమంతా ఆశపడ్డ చప్పట్లు అవి. అన్న మాట వెనక్కి తీసుకుంటే చప్పట్లు కూడా వెనక్కిచ్చేయాలి. యోబు తల వంచుకుని, ఇంకోసారి "ఆయ్" అన్నాడు.