ఆటో బిక్షం కాలర్ ట్యూను మహాసంగ్రామము

ఆకాశమందు ఉపగ్రహములును, భూమియందు రోడ్డు గుంతలును సమానముగా వర్ధిల్లుచున్న ఈ కలికాలమున, మానుకోట మిర్చి ఘాటుకు తుమ్ములును, భూపాలపల్లి బొగ్గు దుమ్ముకు దగ్గులును ఎడతెగక సాగుచుండ, కురవి వీరభద్రుడు కోరమీసము దువ్వుచు సర్వమును చూచుచుండ, కొత్తగూడ అడవిలో సిగ్నలు కొరకు మనుజులు చెట్లెక్కుచుండ, జనగామ సీమయందలి పాలకుర్తి అడ్డా మీద, త్రిచక్రరథారూఢుడై, ఖాకీ కవచధారియై కొలువుదీరిన మహారథి యొకడు కలడు. వాని పేరు బిక్షం. వాని రథము ఆటో. వాని యుద్ధమును వినుడు. నవ్వు వచ్చిన నవ్వుడు, కోపము వచ్చిన నాతో చేరుడు.

ఆ రథికశ్రేష్ఠునకు ఒక వ్రతము కలదు: బండి నడుపుచు ఫోను ఎత్తడు. ఒకనాడు ఎత్తి, మిర్చి బస్తాలతో సహా కాలువలో దిగబడినప్పుడు పట్టిన ఒట్టది. కావున చుట్టుపక్కల ఊళ్లవారందరును వానితో గంటలతోనే మాటలాడుదురు. ఒక్క గంట మోగనిచ్చి కోసిన, ఒక్కరే వత్తురని అర్థము. రెండు మోగిన, కూలీల గుంపు. మూడు మోగిన, దవాఖాన! మూడు మోగెనా, బిక్షం అన్నము ముందునుండి ఎంగిలి చేతితో లేచును. అంబులెన్సు ఉన్నది గదా యందురా? ఉన్నది. ఆ సందుల దారి దానికి చెప్పునంతలో బిక్షం దవాఖాన గేటు దాటును.

ఇట్లుండగా సెల్లు కంపెనీలు ఒకదానినొకటి మింగ మొదలిడెను. మైనా సెల్లును పావురం సెల్లు మింగెను. దానిని కడుపులో పెట్టుకొని కూర్చున్న పావురమును ఏకచ్ఛత్ర టెలికాం అను మహాకాయము ఈకతో సహా మింగెను. అంతటితో ఆకలి తీరక కేబులు టీవీని, పాటల కంపెనీని, సినిమాలు తీయువారిని, ఆ సినిమాలు బాగున్నవని చెప్పు వార్తా ఛానళ్లను గూడ ఆరగించి త్రేన్చెను. పగ్గములు పట్టవలసిన ప్రభువులు, "పోటీయే ప్రజలను కాపాడును" అని పలికి, పగ్గములు వదలి చేతులు దులుపుకొనిరి. పోటీ ఎవరికెవరితోనయ్యా? కుడిచేతికి ఎడమచేతితోనా? ఒక ఊరికి రెండు టవర్లేలయని ఆ మహాకాయము ఒకటి పీకించెను. నాటినుండి పాలకుర్తి పక్కన ఓదెమ్మ యను ముదుసలి యుండు ఊరిలో బోరుబావి గట్టు మీద తప్ప సిగ్నలు దొరకదు. గట్టెక్కి గంట కొట్టి ఇంటికి దిగినవారికి తిరిగి ఫోను చేసినను అందదు.

అట్టి తరుణమున ఒక ఉదయము బిక్షం ఫోనుకు అడుగని వరము దొరికెను. దాని పేరు కాలర్ ట్యూను. ఇక వానికి ఫోను చేసినవారి చెవిలో ట్రింగుమను గంట మోగదు. ఏకచ్ఛత్రము వారి కొత్త సినిమాలో నాయకుడు నాయికను బిర్యానీతో పోల్చి పాడిన పాట మోగును. ఎన్ని గంటలు మోగినవో దేవునికైనను తెలియదు.

మొదటి దెబ్బ ఓదెమ్మకు తగిలెను. వంకాయల గంపతో పాలకుర్తి సంతకు పోదలచిన ఆ వృద్ధ వీరమాత గట్టెక్కి, ఒక్క గంట కొరకు చెవి యొగ్గి నిలిచెను. గంట రాలేదు, బిర్యానీ వచ్చెను. ఇటు బిక్షం హ్యాండిలుకు కట్టిన ఫోను మూడు దాటి మోగెను. దిక్కులు పిక్కటిల్ల హారను మోగించుచు, కోళ్లను చెల్లాచెదరు చేయుచు రథము ఆమె వాకిట వాలెను.

"ఏందిరా బిక్షం, గట్ల ఉరికొస్తున్నవ్? ఎవలన్న సచ్చిండ్రా?"

"నువ్వే గదనే అవ్వ, మూడు గొట్టినవ్! కోడలికి నొప్పులొచ్చినయనుకున్న!"

"నేనేడ గొట్టిన? నీ ఫోన్ల ఎవడో పాట వాడుతుండు. అయిపోతదేమోనని ఇనుకుంట నిలవడ్డ."

నవ్వకుడు. ఓదెమ్మ కోడలు ఉమారాణి నిండు చూలాలు. మగడు అరవింద్ భూపాలపల్లి బొగ్గు గనిలో పనికి పోయెను. ఇంట అత్తయు కోడలును తప్ప మరొకరు లేరు. ఆ వారమంతయు బిక్షం దవాఖాన యనుకొని పరుగెత్తిన చోటనెల్ల ఒకచోట మేకపిల్ల, ఒకచోట గ్యాసు బండ, ఒకచోట పెండ్లి బట్టల మూట ఎదురొచ్చెను. ఎన్నిసార్లని ఉరుకును? వాని కాలు కొంచెము కొంచెము మందగించెను. అది వానికే తెలిసి భయమయ్యెను. రేపు నిజముగా మూడు మోగినచో, ఇంకొక మేకపిల్ల యనుకొని చాయ తాగుచు కూర్చుండునేమో!

కావున వీరుడు యుద్ధమునకు దిగెను. ముందుగా కస్టమర్ కేర్ అను చక్రవ్యూహమును భేదింప ఫోను చేసెను. అందు మధురస్వరయైన యంత్రకాంత యొకతె కావలి యుండెను.

"మరో పాట కొరకు ఒకటి నొక్కండి. ఈ పాటను బంధుమిత్రులకు బహూకరించుటకు రెండు నొక్కండి."

"తల్లీ, నాకు పాటనే వద్దు. గంట గావాలె. వద్దనెతందుకు ఏది నొక్కాలె?"

"మరో పాట కొరకు ఒకటి నొక్కండి."

కోపోద్రిక్తుడై రెండు నొక్కగా బిర్యానీ పాట వాని బావమరిదికి కానుకగా పోయెను. ఆ బావమరిది నేటికిని వానితో మాటలాడుట లేదు.

పిమ్మట టీవీ విలేకరి అజిత్‌ను శరణుజొచ్చెను. అజిత్ మంచివాడు, విన్నది విన్నట్లు రాసి పంపెను. సాయంత్రము తెరపై బిక్షం ముఖము కనబడెను. దాని కింద అక్షరములు పరుగెత్తెను: "పాలకుర్తిలో పాటల పండుగ. కాలర్ ట్యూనుకు ఆటోవాలా ఫిదా!"

"అన్నా, నువ్వు జెప్పిందే పంపిన," అని అజిత్ తల వంచుకొనెను. "మా ఛానల్ను గుడ గా కంపెనోళ్లే కొన్నరు. గింతకంటె మాట్లాడితే నా నౌకరి వోతది."

దీనిని తలచినప్పుడెల్ల నాకు ఒళ్లు మండును. నోరు నొక్కినవాడే మన ముఖమును తెర మీద నవ్వించునట! ఇట్టి దౌర్జన్యమును ఏ రాక్షసుడును చేయలేదు. చేయుటకు వానికి ఛానలు లేదు.

తుదకు మహారథి జనగామలోని ఏకచ్ఛత్ర విక్రయశాలపై దండెత్తెను. అద్దాల తలుపు నెట్టి, చల్లని గాలిలో ఒక్క క్షణము హాయిగా నిలిచి, అంతలో శత్రుశిబిరమున నున్నానని గుర్తు తెచ్చుకొని, కౌంటరు వెనుక కూర్చున్న కళ్యాణి యెదుట నిలిచెను.

"నేను వేరే కంపెనీకి మారుత, అక్క."

"మారన్నా. మీ దిక్కు దాని టవరుంటే."

"ఉంటుండె గద, పావురంది?"

"పావురాన్ని మేమే కొన్నం."

"మరి పైన ఎవలకన్న జెప్పుకుంట."

"వద్దంటె తీసెయ్యాలన్న రూలునే పైన తీసేసిండ్రన్నా. పాట ప్లాన్లనే ఉంటదట. కంపెనీ ఇష్టమట. నాకు గుడ అదే పాట వెట్టిండ్రు. మా అమ్మ నాకు ఫోన్ జేసుడే బంద్ జేసింది."

అంతట బిక్షం రెండు చేతులును కౌంటరు మీద మోపి గర్జించెను: "ఇగ ఇన్రి! ఆడ ఒక పిల్ల కాన్పుకున్నది. దాని అత్త గట్టెక్కి మూడు గొడితె నాకు మూడే ఇనవడాలె. గంట ఇచ్చేదాక నేను గీడికెంచి కదల!"

ఈ పలుకులనే పూర్వకవులు వ్రాసిన, "ఓరీ సర్వభక్షకా! ధరణి తలక్రిందులైనను, సాగరములు ఇంకినను, నాదత్రయమును గైకొనక ఈ రణభూమిని వీడ" అని యుండెడివి. భావము ఒక్కటే. వరుసలో వెనుకనున్నవారు మాత్రము "జర జల్ది, అన్నా" అనిరి.

కళ్యాణి ఇటునటు చూచి గొంతు తగ్గించెను. "అన్నా, ఒక ఉపాయమున్నది. పాటలల్లనే పాతకాలం ఫోన్ గంట ఒకటున్నది. ట్రింగ్ ట్రింగ్ అంటది, గంతే. గది గుడ పాట కిందనే లెక్క. కాకపోతె నెలనెల కిరాయి పడుతది."

"మన గంటనే మనకు కిరాయికిస్తరా?"

"ఔనన్నా."

బిక్షం పండ్లు కొరికెను, నోటిలో ఒక మాట అనుకొనెను, ఆ మాట ఇచట వ్రాయదగినది కాదు. పిమ్మట జేబులో చేయి పెట్టెను.

మరునాడు పొద్దున అడ్డా మీద చాయ గ్లాసు పెదవికి తగులబోవుచుండగా ఫోను మోగెను. ఒకటి. రెండు. మూడు. అంతే, ఆగెను. గ్లాసు నేలబడెను. వాయువేగ మనోవేగములతో రథము గట్టు దాటి వాకిట నిలిచెను. ఉమారాణి అరుగు పట్టుకొని వంగి యుండెను. ఓదెమ్మ బట్టల మూటతో ఎదురుగా ఉరికి వచ్చెను.

"మోగింది రా బిడ్డా! గంటనే మోగింది!"

జనగామ దారిలోని గుంతలన్నిటిని పేరుపేరునా తప్పించుచు బిక్షం వారిని దవాఖాన చేర్చెను. ఎండ ముదురకముందే ఆడపిల్ల పుట్టెను. తల్లీబిడ్డలు క్షేమము. వరండాలో పిల్ల కేక విని వీరుడు బొటబొట కన్నీరు కార్చెను. గంట అద్దె సంగతి వాని నోట వినిన ఓదెమ్మ మాత్రము మనుమరాలిని కొంగులో దాచుకొనెను.

"గీ పిల్ల ఏడుపు గుడ మాదే అంటరేమో. గా కంపెనోళ్లకు ఇనవడనియ్యకు."

దిక్పాలకులారా, టవర్లారా, వినుడు! తాత ముత్తాతల నాటినుండి ఊరకనే మోగిన గంటను, పాలకుర్తి మహారథి బిక్షం ఘోరసంగ్రామమున ఏకచ్ఛత్ర సామ్రాజ్యమును ఎదిరించి, నెలసరి కిరాయికి తిరిగి గెలుచుకొనెను. జయము! జయము! ఈ జయము నెలాఖరు వరకు చెల్లును. ఆపైన మరల కట్టవలెను.