చెవి పరీక్షకు గైర్హాజరు

ప్రజల ప్రాణాల మీద ప్రభుత్వానికున్న మమకారం మీకు తెలియనిది కాదు. అందుకే డ్రైవింగ్ లైసెన్సు పునరుద్ధరణకు వైద్య పరీక్ష తప్పనిసరి చేసింది. నా పరీక్ష మొన్న దిగ్విజయంగా ముగిసింది. డాక్టరుగారు తలెత్తకుండానే "వినపడుతోందా?" అన్నారు. "ఆఁ" అన్నాను. కళ్లు, చెవులు, కాళ్లు, గుండె, సమస్తం భేషుగ్గా ఉన్నాయని ముద్ర గుద్దేశారు. ఇక కాగితం చేతికి రావడమే తరువాయి.

వరండా బెంచీ మీద నా పక్కనే ఒక రొట్టెల వ్యాను డ్రైవరు కూర్చున్నాడు. పుట్టు చెవుడు. పద్నాలుగేళ్లుగా బండి నడుపుతున్నా ఎవరి బండికీ గీత పడనివ్వలేదట. చెవుడున్నవాళ్లు బండికి పెద్ద అద్దాలు బిగించుకుని నిక్షేపంగా నడపొచ్చని నిబంధనల్లోనే ఉంది. ఆ రోజు లైసెన్సు రాకపోతే మర్నాటి నుంచి వ్యాను ఇంకొకడికి ఇచ్చేస్తానని యజమాని చెప్పాడు. అందుకని భార్యాభర్తలిద్దరూ ఏడింటికే వచ్చేశారు.

ఆమె జిరాక్సు కోసం కిందికి వెళ్లినప్పుడే గుమాస్తా తలుపు సందులోంచి అతని పేరు మూడుసార్లు పిలిచాడు. నేను భుజం తట్టి చెప్పొచ్చు. కానీ పరీక్షలో చిట్టీ అందించినట్టవుతుందని ఊరుకున్నాను. దరఖాస్తు మీద "పిలిచినా పలకలేదు, గైర్హాజరు" అని రాసేశారు.

"వినపడదనే కదా సార్ పరీక్షకి తీసుకొచ్చాను. పిలిస్తే ఈయనెలా పలుకుతాడు?" అందామె తిరిగొచ్చి, అధికారి బల్ల ముందు నిలబడి.

అధికారిగారు కళ్లజోడు తీసి ప్రసంగించారు. "అమ్మా, వికలాంగులు మాకు దేవుళ్లతో సమానం. అయితే నిబంధన ముందు దేవుడైనా ఒకటే. చెవుడని మేం ధ్రువీకరించేదాకా మీవారికి వినపడుతున్నట్టే లెక్క. వినపడి కూడా పలకలేదంటే అది బాధ్యతారాహిత్యం. ఇలాంటివారికి రోడ్డెలా అప్పగిస్తాం? ఆరు నెలలాగి రండి."

ఆమె చేతి సైగలతో చెప్పింది. అతను ఆ దరఖాస్తు ఆమె చేతిలోంచి తీసుకుని రెండుసార్లు చదివాడు. నాకు నిజంగా బాధేసింది. బాధపడుతూనే నా కాగితం తీసుకుని కారెక్కాను.

కూడలి దగ్గర బళ్లన్నీ బిగుసుకుపోయాయి. వెనక అంబులెన్సు కూత పెడుతోంది. ధ్రువీకరించిన చెవులున్నవాళ్లం నలభై మందిమి ఉంటాం, ఒక్కరమూ అంగుళం జరగలేదు. పేవ్‌మెంటు మీద భార్యతో నడిచిపోతున్న ఆ డ్రైవరుకు అంబులెన్సు మీద తిరిగే ఎర్ర దీపం కనిపించింది. రోడ్డు మీదికి దిగి, చేతులు చాచి, ఒక్కో బండినీ పక్కకు జరిపిస్తూ నా ముందుకొచ్చాడు. ఎడమకు తిప్పమని సైగ చేశాడు.

ఆఫీసుకు అప్పటికే ఆలస్యమైంది. అతనికి వినపడదని నాకు తెలుసు. అయినా గట్టిగా హారన్ కొట్టాను.