ఏటి మీద ఒక్క రోజు సెలవు

ఆ శుక్రవారం పొద్దున్న గుమాస్తా భార్యకి ఆఫీసు పని మీద ఊరెళ్తున్నానని చెప్పాడు. ఆఫీసుకి మాత్రం మావగారు ఇక ఎన్నాళ్ళో ఉండరని సెలవు చీటీ రాసి బస్సెక్కాడు. నిజానికి వెళ్తున్నది కొండల్లోని ఏటికి, రాఫ్టింగుకి. రాళ్ళ మధ్య నురగలు కక్కుతూ దూకే ఆ నీళ్ళ మీద, రబ్బరు పడవలో కూర్చుని ఒక్కసారి తెడ్డు వెయ్యాలని పద్దెనిమిదేళ్ళుగా అతని కోరిక. అడిగినప్పుడల్లా భార్యది ఒకటే మాట: "ఈత రానివాళ్ళకి ఏటితో ఏం పనండీ?"

మేనేజరు మనసున్న మనిషి. చీటీ చదవగానే మావగారింటికి ఫోన్ చేశాడు. ఎత్తింది మావగారే.

"పెద్దాయనకి ఎలా ఉందండీ?"

"ఏ పెద్దాయనకి?"

"అదే, మా గుమాస్తాగారి మావగారికి. ఇక ఎన్నాళ్ళో ఉండరని రాశారు."

మావగారు ఫోన్ పెట్టేసి మంచం మీద కూర్చున్నారు. కాసేపటికి పడుకున్నారు. కిందటి వారం పరీక్షలు చేసిన డాక్టరు "మీకేం లేదు" అని నవ్వడం ఇప్పుడు అనుమానంగా తోచింది. తన దగ్గర దాచి అల్లుడికి చెప్పాడన్నమాట. పడుకునే కూతురికి ఫోన్ చేశారు.

అక్కడ గుమాస్తా హెల్మెట్ పెట్టుకుని, లైఫ్ జాకెట్ బిగించుకుని, ఒక కాలు పడవలో పెట్టేసరికి ఫోన్ మోగింది.

"నాన్న సంగతి నా దగ్గరెందుకు దాచారు?" భార్య ఏడుస్తోంది.

"వస్తున్నా" అని, పడవలో పెట్టిన కాలు వెనక్కి తీశాడు. తిరుగు బస్సులో దారి పొడుగునా ఏటి హోరే చెవుల్లో. బస్సు దిగి నేరుగా మావగారి మంచం దగ్గరికి వెళ్ళాడు; భార్య అప్పటికే అక్కడుంది.

"మావయ్యగారూ, మీకేం లేదు. సెలవు కోసం నేనే అబద్ధమాడాను."

"ఓదార్చకండి అల్లుడుగారూ."

"కాదండీ, నేను వెళ్ళింది రాఫ్టింగుకి."

పెద్దాయన కళ్ళు తెరిచారు. "రాఫ్టింగా? చిన్నప్పటి నుంచీ నాకూ ఆశే. పోయేలోగా ఒక్కసారి ఎక్కాలి."

భార్య కళ్ళు తుడుచుకుంది. "ఎక్కుదాం నాన్నా. నేనూ వస్తాను."

మరుసటి ఆదివారం పడవలో నలుగురికే చోటుంది. మావగారు, భార్య, బావమరిది, పరామర్శకని వచ్చి వదలకుండా వెంటబడిన మేనేజరు. గుమాస్తా ఒడ్డున చెప్పులకీ సంచులకీ కాపలా ఉండిపోయాడు. పడవ మొదటి కెరటం మీదకి లేచినప్పుడు హోరును దాటి భార్య నవ్వు వినిపించింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె అలా నవ్వగా అతను వినలేదు. పడవ మలుపు తిరిగిపోయినా అటే చూస్తూ, చల్లటి నీళ్ళలోకి మెల్లగా పాదాలు దించాడు.

మావగారు ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నారు. ఏటేటా ఒకసారి వెళ్ళి చివరి కోరిక తీర్చుకుని వస్తున్నారు.