చిన్నా ఒక్కడే బస్సెక్కిన రోజు

ఆ పొద్దున్న ఇంట్లో ఎవరూ ఉండకూడదని శిక్షణ కేంద్రం మేడం గట్టిగా చెప్పింది. చిన్నా తనంతట తానే లేచి, టీ పెట్టుకుని, తాళం వేసుకుని, బస్సెక్కి ఆసుపత్రి లాండ్రీకి చేరుకోవాలి. చేరితే పైనెల నుంచి అక్కడే ఉద్యోగం. చిన్నా అంటే చిన్నవాడేమీ కాదు. ముప్ఫైకి దగ్గర పడుతున్నాడు. ఏ విషయమైనా బుర్రకెక్కడానికి అందరికన్నా కాస్త ఎక్కువ సమయం పడుతుంది. ఎక్కిందంటే మాత్రం ఇక దిగదు.

"మీ పిన్నింటికి వెళ్తున్నాన్రా చిన్నా!" అని కేకేసి, చెప్పులు టకటకలాడించుకుంటూ తల్లి గుమ్మం దాటింది.

"నేను ఆఫీసుకి" అంటూ తండ్రి రోజూకన్నా ముందే బయల్దేరాడు.

చిన్నా స్నానానికి వెళ్ళగానే తల్లి చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా వెనక్కి వచ్చి, వంటింటి పక్కనున్న సామాన్ల గదిలో దూరింది. కొడుకు మీద నమ్మకం లేక కాదు. గ్యాస్ మీద నమ్మకం లేక.

తలుపు సందులోంచి చూస్తే అంతా సవ్యంగానే సాగింది. పాలు పొంగలేదు. గుడ్డు మాడలేదు. గ్యాస్ కట్టేశాక చిన్నా మళ్ళీ ఒకసారి తడిమి చూసుకున్నాడు. తల్లికి సంతోషమైంది, కాస్త చిన్నతనంగానూ అనిపించింది. ఇన్నేళ్ళూ వాణ్ణి ఆ పొయ్యి దరిదాపులకి రానివ్వలేదు మరి.

తర్వాత చిన్నా తలుపులన్నీ చూసుకుంటూ వచ్చాడు. సామాన్ల గది తలుపు ఓరగా ఉంది. గడియ పెట్టాడు.

అప్పుడే "ఒరేయ్" అని ఉంటే సరిపోయేది. కానీ నోరు తెరిస్తే ఏర్పాటంతా చెడుతుంది, ఉద్యోగం చేజారుతుంది. ఊపిరి బిగబట్టి కూర్చుంది. వీధి తలుపుకి తాళం పడ్డాక గానీ తాను చేసిన నిర్వాకం ఆమెకి పూర్తిగా అర్థం కాలేదు. భర్తకి ఫోన్ చేసింది.

భర్త ఆఫీసులో లేడు. చిన్నా ఎక్కిన బస్సులోనే వెనక సీట్లో, ముఖానికి పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఫోన్ మోగగానే చిన్నా తల తిప్పబోయాడు. తండ్రి గబుక్కున కాల్ కట్ చేసి పేపరు ఇంకాస్త పైకెత్తాడు. పేపరు తలకిందులుగా ఉంది.

తల్లి ఇక దారిలేక పాత గిన్నెతో గోడని బాదింది. పక్కింటావిడ ఆ చప్పుడు విని, బయటికొచ్చి చూస్తే తాళం. ఆవిడ నేరుగా తండ్రికే ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, మీ ఇంట్లో దొంగ దూరాడు!"

"దొంగా!" అని తండ్రి సీట్లోంచి లేచాడు.

బస్సులో అందరూ జేబులు తడుముకున్నారు. కండక్టరు వెనక్కి వచ్చాడు.

"ఎక్కినప్పట్నించీ చూస్తున్నా. పేపరు చాటు నుంచి ఆ కుర్రాడి వంకే చూస్తున్నావ్. ఏంటి సంగతి?"

"వాడు మా అబ్బాయండీ!"

"ఏం బాబూ, ఈయన మీ నాన్నేనా?" అని కండక్టరు చిన్నాని అడిగాడు.

చిన్నా తండ్రిని ఎగాదిగా చూసి, బాగా ఆలోచించాడు.

"మా నాన్నలాగే ఉన్నారు. కానీ మా నాన్న ఆఫీసుకెళ్ళారు. ఆఫీసు అటువైపు."

"మరి ఈయనెవరు?"

"అనుమానం వస్తే కండక్టరుకి చెప్పమన్నారు మేడం. మీకు చెప్పేశానుగా" అని చిన్నా తన స్టాపు రాగానే దిగి వెళ్ళిపోయాడు.

తర్వాతి కూడలిలో తండ్రిని కానిస్టేబుల్‌కి అప్పగించారు. ఇంట్లో దొంగ పడ్డాడు మొర్రో అని తండ్రి మొత్తుకుంటే, కానిస్టేబుల్ అతన్ని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. గుమ్మంలో పక్కింటావిడ చీపురు పట్టుకుని కాపలా కాస్తోంది. తండ్రి తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తెరిచాడు. కానిస్టేబుల్ లాఠీ ఎత్తి సామాన్ల గది గడియ తీశాడు.

చేతిలో చెప్పులతో, తలనిండా బూజుతో తల్లి బయటికి వచ్చింది.

"ఈవిడెవరు?"

"మా ఆవిడేనండీ. వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళింది" అన్నాడు తండ్రి.

"మరి మీరు?"

"ఆఫీసుకి."

కానిస్టేబుల్ లాఠీ దించి మంచినీళ్ళు అడిగాడు.

అంతలో మేడం ఫోన్ చేసింది. "అబ్బాయి వేళకే చేరాడండీ, దుప్పట్లు మడతపెడుతున్నాడు. ఉద్యోగం ఖాయం. అన్నట్టు, బస్సులో ఎవడో వాళ్ళ నాన్న వేషంలో వెంటపడ్డాడట. మీరు కాస్త జాగ్రత్త!"

"అలాగేనండీ" అన్నాడు తండ్రి.

సాయంత్రం చిన్నా ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ అడిగాడు. "పిన్ని బాగుందా అమ్మా?"

తల్లి ఇక ఆగలేక ఉన్నదంతా చెప్పేసింది. తండ్రి కూడా తనవంతు చెప్పాడు. చిన్నా విప్పిన బూట్లు తీసి వరసగా పెట్టాడు.

"నేను చేసుకుంటానని చెప్పాను కదా" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అనేసరికి ఇద్దరికీ తల ఎత్తబుద్ధి కాలేదు.

చిన్నా మేడంకి ఫోన్ చేశాడు. "మేడం, అమ్మకీ నాన్నకీ కూడా నేర్పించాలి. నన్నొదిలి బయటికెళ్ళడం వాళ్ళకి రావట్లేదు."

ఆదివారం తల్లిదండ్రుల తరగతికి ముగ్గురూ బస్సెక్కారు. చిన్నా టిక్కెట్లు తీసుకుని, ఇద్దరినీ తన ముందు సీట్లో కూర్చోబెట్టి, దిగేదాకా వాళ్ళ మీంచి చూపు తిప్పలేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళని మొదట్లో కాస్త కనిపెట్టుకుని ఉండాలట.