మంత్రిగారి చక్కెర లేని చాయ్

కృత్రిమ తీపి పదార్థాల భద్రతపై ప్రజలకున్న సందేహాలను తమ స్వంత దేహంతో తీర్చదలచినట్లు మాధుర్య సంక్షేమ శాఖామాత్యులు శ్రీ భానుప్రకాశ్ గారు సికింద్రాబాద్‌లో ప్రకటించారు. పరిశోధనలకు కాలం పడుతుంది. మంత్రిగారి దేహం మాత్రం సర్వసన్నద్ధంగా ఉన్నది. శాఖవారి ‘తీపి భరోసా’ పొడి కలిపిన చాయ్‌ని వారు పేటపేటా తిరిగి ప్రజాసమక్షంలో సేవిస్తారు.

చాయ్ కలిపే బాధ్యత ఆంతరంగిక కార్యదర్శి రోనాల్డ్‌ది. ఇంతకు మునుపటి కార్యదర్శి చల్లారిన చాయ్ అందించి, ఊరవతలి గోడౌనుకు బదిలీ అయిన వైనం అతడు మరువలేదు.

అల్వాల్ సభలో మంత్రిగారు తొలి గుక్క మింగి, చిరునవ్వు చెదరకుండా మైకుకు చెయ్యి అడ్డం పెట్టారు.

“ఏందయ్యా గిది? నాలుక మీద చేదు కూసున్నది, లేస్తలేదు!”

“ఆ పొడి గుణమే అంత సార్. జెర ఓర్చుకోండి.”

“ఓర్చుకునుడు ప్రజల పని. రేపటి సంది సక్కగ చూస్కో. లేకుంటే గోడౌన్ల ఎలుకలకు చాయ్ పోస్తవ్.”

రోనాల్డ్ ఆ రాత్రే ఇంట్లో మిక్సీలో చక్కెర ఆడించి ‘తీపి భరోసా’ డబ్బాలో నింపాడు. సీతాఫల్‌మండిలో మంత్రిగారి మొహం వెలిగిపోయింది.

“చూసిన్రా! చక్కెరకు, దీనికి ఫరక్ ఎవడన్న చెప్పగలడా?”

చప్పట్లు మోగాయి. యాప్రాల్ చేరేసరికి వారు సభకు మూడేసి కప్పులు సేవిస్తున్నారు.

వారం తిరగకుండానే కళ్ళు బైర్లు కమ్మాయి. రక్తపరీక్ష చూసి డాక్టర్ ఎమిలీ కళ్ళజోడు తీసేసింది.

“షుగర్ ఇంతలా పెరిగిందేంటి సార్? స్వీట్లేమైనా తింటున్నారా?”

“చక్కెర ముట్టలేదమ్మా! ఊరంతా సాక్ష్యం.”

రోనాల్డ్ కిటికీలోంచి ట్రాఫిక్‌ను భక్తిశ్రద్ధలతో తిలకించాడు.

సాయంత్రమే విలేకరుల సమావేశం. “పొడి డేంజర్! నా రక్తమే రిపోర్టు!” అని మంత్రిగారు గర్జించి, ‘తీపి భరోసా’ను నిషేధించి, స్వచ్ఛమైన చక్కెర చాయ్ ప్రచారోద్యమాన్ని ప్రకటించారు. బయట డాక్టరమ్మ రోనాల్డ్‌ను పక్కకు పిలిచింది.

“ఇంకొక్క చెంచా చక్కెర పడిందంటే ఆయన్ని ఐసీయూలో చేర్చాలి. చాయ్ కలిపేది మీరేగా?”

మర్నాడు వేదిక మీద వెండి గిన్నెలో, నిన్న నిషేధించిన పొడే తెల్లగా మెరిసింది. పక్కన ‘అసలైన చక్కెర’ అన్న బోర్డు. రోనాల్డ్ అందులోంచి ఒక చెంచా కలిపి కప్పు అందించాడు. మంత్రిగారు గుక్క వేశారు. కళ్ళు మూసుకున్నారు.

రోనాల్డ్‌కు ఎలుకలు కనిపించాయి.

“ఆహా!” అన్నారు మంత్రిగారు. “చక్కెరంటే గిదిరా! ఆ దిక్కుమాలిన పొడికి ఈ రుచి వస్తదా? రోనాల్డ్, ఇంకో చెంచా వెయ్యి!”