అలల మీదికి గరిటె

ఆ శనివారం పొద్దున సుధారాణి వేసుకున్న ప్లాను చిన్నదే. ఉదయగిరి బస్సులో వచ్చే కొత్త బోర్డు తీసుకుని, ఆత్మకూరు నుంచి నేరుగా మైపాడు సముద్రానికి పోయి, మధ్యాహ్నం పోటీలో దిగాలి. ఆమె హైస్కూల్లో ఆటల టీచరు. బోర్డు మీద మోకాళ్లేసుకుని అలల మీద జారడమంటే ప్రాణం. పోయినేడు పోటీలో పాత బోర్డు బిర్రబిగుసుకుని, ఎంత తిప్పినా తిరక్క, నేరుగా తీసుకుపోయి ఆమెను చేపల వలలో పడేసింది. అందుకే ఈసారి వంగే బోర్డు కావాలనుకుంది. నడుమ గుంటగా ఉంటుంది గనుక దాన్ని ఆ ఆటవాళ్లు స్పూను అంటారు.

ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే మస్తాన్‌వలికి ఫోన్లో ఆమె ఆ మాటే చెప్పింది.

"భాయ్, మనిషి మోకాళ్లేసుకుని కూర్చునేంత స్పూను కావాల. ముందు మందంగా, కొస పలచగా. నొక్కితే వంగాల, వదిలితే లేవాల."

"చేసి పంపిస్తాలే టీచరమ్మా" అన్నాడాయన. గరిటె ఎందుకని అడగడం ఆయనకు ఇంటావంటా లేదు.

సుధారాణి స్నానం చేసి వచ్చేసరికి గుమ్మానికి ఆనించి మనిషెత్తు గరిటె ఉంది, కాడతో సహా. బస్టాండు నుంచి ఆటోవాడు దించిపోయాడట. దాని ముందు అత్త నాగులమ్మ కళ్లొత్తుకుంటోంది.

"ఇంత గరిటె తెప్పించి చర్చికంతా విందు పెట్టబోతా నాకు చెప్పనేలేదేంది సుధా? పాస్టరయ్యకు ఫోన్ చేసినాను. ఆయన మైకులో చెప్పేసినాడు!"

"అయ్యో అత్తా, అది వండేదానికి కాదు! అలల మీద పోయేదానికి!"

నాగులమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని గరిటెను పైనుంచి కిందికి చూసింది.

"పొట్టేలును గూడా కోసేసినారే" అంది.

సుధారాణి రంపం తెచ్చి కాడ కోసేస్తుంటే, పిలుపందుకున్న జనం ఒక్కొక్కరే వాకిట్లోకి వచ్చేశారు. ఇక వేరే దారి లేదు. గిన్నెలు, మాంసం, జనం, గరిటె అన్నీ ఒకే లారీకెక్కి మైపాడు చేరాయి.

పోటీలో మొదటి అల లేచింది. మందపాటి ముందు భాగం ఆమె బరువును నిబ్బరంగా మోసింది. మలుపులో ఆమె ఒక పక్కకు ఒరగగానే పలచటి కొస విల్లులా వంగి, నీటిని పట్టుకుని, తిరిగి లేస్తూ ఆమెను ముందుకు విసిరింది. పాత బోర్డు మొండికేసే చోటల్లా ఇది చెప్పినట్టు తిరిగింది. ఏమి చేతులయ్యా మస్తాన్‌వలివి, అనుకుంది సుధారాణి ఆ నురగ మధ్యలోనే. ఒడ్డున వంట వదిలేసి మరీ చర్చి అంతా చప్పట్లు కొట్టింది. మొదటి బహుమతి ఆమెకే.

నాగులమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుంది. "ఇట్టియ్యి. రోజూ ప్రార్థనలో మోకాళ్ల మీద ఉండే నాకు ఒకరు నేర్పేదేంది?"

చిన్న అల మీద ఆమె తొణక్కుండా జారిపోయింది. ఆ తర్వాత ఇంకో అల, ఇంకో అల.

విందు వడ్డించే వేళకు ఆమెను నీళ్లలోంచి రప్పించడానికి పాస్టరుగారే నడుము లోతు దిగవలసి వచ్చింది.